కత్తెరకు కట్టిన మేక

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా ఒకసారి బాత్రూంలోకి వెళ్లి వచ్చాక కళ్లు పెద్దవి చేసుకుని అడుగుతారు, "అది నిజమైనదేనా?" అని. నిజమైనదే. బంగారు పూత పూసిన బహుమతి బొమ్మ, సబ్బుపెట్టె పక్కన నిలబడి ఉంటుంది. టీవీ స్టూడియోల ఊరు మా బర్బాంక్‌లో బహుమతిని హాల్లో పెట్టుకునేవాడు కొత్తవాడు, బాత్రూంలో పెట్టుకునేవాడు ఆరితేరినవాడు. మనం దాన్ని ఖాతరు చేయనట్టు ఉండాలి, కానీ వచ్చిన ప్రతివాడి కంటా పడాలి. ఏ దృశ్యానికి ఇచ్చారని అడుగుతారు. మా టీవీ కార్యక్రమం 'గ్రబ్ వాళ్ల మోటెల్'లో ముసలమ్మ పొద్దున్నే లేచి కొడుకేడని అడిగే దృశ్యానికి అంటాను. "అబ్బ, అదా, పొట్ట పట్టుకుని నవ్వాం" అంటారు. అక్కడితో ఆ మాట అయిపోతుంది. వెర్నా సంగతి వాళ్లు అడగరు, నేనూ చెప్పను. ఇప్పుడు చెబుతున్నాను. ఇది నాకు మంచి పేరు తెచ్చే కథ కాదని ముందే అనుకోండి.

వెర్నా కొస్లోస్కీ మా ఛానెల్‌లో నాలుగో అంతస్తులో ఉండేది. ప్రసారానికి వెళ్లే ప్రతి మాటా, ప్రతి బొమ్మా ముందు ఆమె బల్ల మీదుగా పోవాలి. ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అని తేల్చడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగానికి పొడుగాటి పేరొకటి ఉంది, తలుపు మీద రాసి ఉండేది. మేం రచయితలం మాత్రం కత్తెరమ్మ అనేవాళ్లం. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఒక క్రిస్మస్‌కు ఎవరో ఎర్ర రిబ్బను కట్టి నిజం కత్తెర పంపితే దాన్ని కాయితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకుంది. ఆమె వాడేది కత్తెర కాదు, ఊదారంగు పెన్ను. పొట్టి మనిషి, తన జుట్టు తనే కత్తిరించుకునేది, అదీ వంకరగా. బయట ఎండ మాడిపోతున్నా ఆఫీసులో ఏసీ చలికి బూడిదరంగు స్వెట్టరు వేసుకునేది. మెడలో మరియమ్మ బిళ్ల.

ఆమెది పెన్సిల్వేనియాలో బొగ్గు ఊరు. తండ్రి గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల్లో ఆ గనినే ఇంటికి తెచ్చుకుని యాభై రెండేళ్లకు పోయాడు. కన్యాస్త్రీల బడిలో చదువు. ఇరవై రెండేళ్లప్పుడు పడమటికి వచ్చి ఛానెల్‌లో టైపిస్టుగా చేరింది. టీవీ చూసి మండిపడి ఉత్తరాలు రాసేవాళ్లకు క్షమాపణలు టైపు చేయడం మొదటి పని. పదేళ్లు ఆ పని చేశాక ఏ మాటకు ఏ ఊరికి కోపం వస్తుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. అందుకే పై అంతస్తుకు పిలిచారు. మధ్యలో ఒక పెళ్లి. భర్త పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయితో వెళ్లిపోయాడు. పిల్లలు లేరు.

మా కార్యక్రమం గురించి రెండు మాటలు చెప్పాలి. హైవే పక్కన దివాలా తీసిన మోటెల్, దాన్ని నడిపే గ్రబ్ కుటుంబం, బస చేసినవాళ్ల పాపాలు వినే ఒంటికన్ను బాతు. కార్టూన్ బొమ్మలే గాని పిల్లల కోసం కాదు. ఆదివారం సాయంత్రం ఎనిమిదిన్నరకు వచ్చేది. మేం అందులో దేవుణ్ణి వదల్లేదు, దేశాధ్యక్షుణ్ణి వదల్లేదు, కుంటివాణ్ణీ గుడ్డివాణ్ణీ వదల్లేదు, మా ఛానెల్ యజమానిని కూడా వదల్లేదు. జనానికి ఎందుకంత ఇష్టమో పత్రికల్లో పెద్దపెద్ద వ్యాసాలు రాసేవారు. చదివి నవ్వుకునేవాళ్లం. నాకు తెలిసిన కారణం చిన్నది. మనిషి రోజంతా నోరు మూసుకుని బతుకుతాడు. ఆఫీసులో మూసుకుంటాడు, చర్చిలో మూసుకుంటాడు, మంచం మీద పడి ఉన్న మామగారి దగ్గర మూసుకుంటాడు. ఆదివారం సాయంత్రం ఒక బాతు అతని బదులు నోరు తెరుస్తుంది. బొమ్మ గనక దాన్ని ఎవరూ చెంపదెబ్బ కొట్టలేరు. అంతే.

నవ్వు నాలుగు విధాల చేటు అంటారు పెద్దలు. ఆ నాలుగు విధాలూ కనిపెట్టి అమ్ముకోవడమే మా వృత్తి.

కత్తెర పట్టినవాళ్లకు నవ్వు రాదని అందరూ అనుకుంటారు. వెర్నా మా స్క్రిప్టు చదువుతూ నవ్వే నవ్వు లిఫ్టు దాకా వినిపించేదని ఆ అంతస్తువాళ్లు చెప్పేవారు. కళ్లు తుడుచుకునే దాకా నవ్వి, తర్వాత పెన్ను తీసి దాన్నే కొట్టేసేది. బేరాలాడే పని మా రచయితల గదిలో నాది. ఆ బేరాలు ఇలా సాగేవి.

"వెర్నా, ఆరో పేజీలో ఆ పిరుదులు ఉండనివ్వండి."

"ఎన్ని ఉన్నాయి?"

"రెండు. ఒక మనిషివే."

"ఒకటి చూపించు. రెండోది తలుపు చాటున పెట్టు. దానికి బదులు తొమ్మిదో పేజీలో బాతు అన్న మాట తీసెయ్."

"అది బూతు కాదండీ, బాతుల భాష."

"నేను బొగ్గు ఊళ్లో పుట్టాను రస్, ఆ భాష నాకూ వచ్చు. తీసెయ్."

నేను చేరిన తొలి ఏడు ఒక ఎపిసోడ్‌లో పళ్ల డాక్టరు గుమాస్తాతో లేచిపోయే మొగుడి కథ రాశాం. ఆమె సంగతి మాకప్పుడు తెలియదు. ఆ పేజీ మీద ఊదా గీత ఒక్కటి కూడా లేకుండా తిరిగొచ్చింది. తర్వాత ఎవరో చెబితే నాకు మొహం చెల్లలేదు. పైకి వెళ్లి క్షమించమన్నాను.

"దేనికి? బాగుంది. నేను నవ్వాను కూడా," అంది.

"మీకు గుచ్చుకుని ఉంటుంది కదా."

"గుచ్చుకుంది. నాకొక్కదానికే గదా గుచ్చుకుంది. చూడబ్బాయ్, నా నొప్పికి నేను కోయను. ఒక్కసారి అది మొదలుపెట్టానంటే నాకు నొప్పి లేని చోటంటూ లేదు, మీకు పేజీ మిగలదు."

ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే కొంత నయం.

ఇప్పుడు మేక గురించి. ఈ ఊళ్లో కామెడీ రాసే ప్రతి గదిలోనూ ఉన్న ఆచారమే ఇది, పేర్లే వేరు. మాకు కావలసిన జోకు ఒకటి ఉంటుంది, అది గీత దాటిందని మాకూ తెలుసు. దాన్ని కాపాడుకోవడానికి ఇంకో పేజీలో దానికంటే పదిరెట్లు ఘోరమైంది కావాలని పెడతాం. కత్తెర దాని మీద పడుతుంది. ఆ ఘోరం ముందు మన అసలు జోకు సాధువులా కనిపించి బయటపడుతుంది. అలా బలికి కట్టేదాన్ని మా గదిలో మేక అనేవాళ్లం. "ఈ వారం మేక ఎవరిది?" అని అడిగేవాడు మా పెద్ద రచయిత లోవెల్, కాఫీ ఎవరు తెస్తారని అడిగినట్టు. వెర్నాకు మేకల సంగతి తెలియదనుకోవడానికి ఆమె నిన్న పుట్టలేదు. తెలిసే కోసేది. మేం కట్టాలి, ఆమె కోయాలి, అసలుదాన్ని పోనివ్వాలా వద్దా అన్నది తర్వాత బేరంలో తేలాలి. పదహారేళ్లు అలాగే నడిచింది.

ఆమె తల్లి సంగతి నాకు తెలిసింది ఒక మధ్యాహ్నం నాలుగో అంతస్తు వంటగదిలో. వెర్నా రోజూ ఒకే భోజనం తెచ్చుకునేది, పిండి రేకులో ఆలుగడ్డ కూరి ఉడికించిన పియెరోగీలు, ముందురోజువి, అంచులు ఎండిపోయినవి. ఒక ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించి గుడ్డతో కట్టి తెచ్చేది. డబ్బాలో తెచ్చుకోవచ్చు కదా అన్నాను ఊరికే.

"ఇది నాది కాదు. మా తమ్ముడిది," అంది.

"మీ తమ్ముడు మీ ఇంట్లో ఉంటాడా?"

"లేడు. పోయాడు. మూడేళ్లయింది."

తర్వాత, ప్లేటు వేడయ్యేలోగా, మొత్తం చెప్పింది. తమ్ముడు టెడ్డీ వాళ్ల ఊళ్లో సిటీ బస్సు నడిపేవాడు, ఎప్పుడూ రెండో షిఫ్టే. తల్లి స్తాషా, అతను, ఇద్దరే ఉండేవారు. రాత్రి అతను వచ్చేసరికి తల్లి ప్లేటు మీద ప్లేటు బోర్లించి బల్ల మీద ఉంచేది. ఒకరోజు డిపోలో టోపీ మేకుకు తగిలించి, అలాగే కూలిపోయాడు. నలభై తొమ్మిదేళ్లు. వెర్నా వెళ్లి అన్నీ ముగించి తల్లిని ఇక్కడికి తెచ్చుకుంది. అప్పటికే ముసలమ్మకు మతిమరుపు మొదలైంది. పొద్దున్న లేవగానే అడిగేది, టెడ్డీ ఏడే, అని.

"మొదట్లో నిజం చెప్పేదాన్ని. అబద్ధం చెప్పకూడదని కన్యాస్త్రీలు చెయ్యి వాచేలా నేర్పారు కదా. చెప్పగానే అప్పుడే విన్నట్టు ఏడ్చేది. అది అప్పుడే వినడమే. మర్నాడు మళ్లీ అడిగేది, మళ్లీ ఏడ్చేది. నలభై రోజులు, రస్. నలభైసార్లు మా తమ్ముణ్ణి నా నోటితో చంపాను. అబద్ధం చెబితే పాపమా అని ఫాదర్‌ని అడిగితే డాక్టరునడగమన్నాడు. డాక్టరునడిగితే ఫాదర్‌నడగమన్నాడు. సరే పొండని, షిఫ్టులో ఉన్నాడమ్మా అన్నాను. అంతే. 'అయితే వాడికి ప్లేటు తీసిపెట్టు' అంది. అప్పట్నుంచీ రోజూ ఆ ప్లేటు నేనే తింటున్నాను."

"ఇప్పుడు బాగానే ఉంటారా ఆవిడ?"

"ఆదివారాలైతే మరీ బాగుంటుంది. మీ కార్యక్రమం అంటే పిచ్చి దానికి. చర్చి ఫాదర్‌ని బాతు తిడుతుంటే సోఫా చెయ్యి గుద్దుతూ నవ్వుతుంది. 'మీ నాన్న ఆ ఫోర్‌మన్‌ని ఒక్కసారైనా ఇలా తిట్టుంటే ఇంకో పదేళ్లు బతికేవాడే' అంటుంది. నిన్న తిన్నది గుర్తుండదు గాని బాతు పేరు గుర్తుంటుంది." పియెరోగీని ఫోర్కుతో రెండు చేసి, అంది, "ఇది మీ గదిలో బల్ల మీద పొయ్యకు."

మా గదిలో అదొక రోగం. ఎవరింట్లో ఏం జరిగినా, విడాకులైనా, తండ్రి ఆపరేషనైనా, తెచ్చి బల్ల మీద పోస్తాం. అందులోంచి జోకులు ఏరుకుంటాం. అందరూ పోస్తారు గనక ఎవరికీ తప్పనిపించదు.

"నా కడుపులో ఉంటుంది," అన్నాను. ఆ క్షణాన అది నిజమే.

ఏడాది తర్వాత బిషప్ ఎపిసోడ్ వచ్చింది. ఒక బిషప్ మోటెల్‌కు వచ్చి బాతు దగ్గర పాపాలు ఒప్పుకునే దృశ్యం రాశాం. మూడు పేజీలు, ఒక్క మాట కదిలించలేం. లోవెల్ దాన్ని ప్రాణంగా చూసుకున్నాడు. దానికి మేక కావాలి. ఎవరెవరో ఏవేవో చెప్పారు. లోవెల్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"ఇవి మేకలు కావు, మేకతోళ్లు. ఆవిడ ఒక్క చూపుతో పట్టేస్తుంది. చదవగానే ఒళ్లు మండాలి. బిషప్‌ని మరిచిపోవాలి. కత్తెరమ్మకి ఎక్కడ నొప్పో ఎవరికన్నా తెలుసా?"

సాయంత్రం నాలుగైంది. చల్లారిన నూడుల్స్ వాసన. పదకొండుమంది మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. నేను గదిని నవ్వించి రెండు వారాలైంది. రెండు వారాలు నవ్వించనివాడికి మూడో వారం కుర్చీ ఉంటుందో ఉండదో తెలియని గది అది. ఈ సాకు ఇప్పటిది కాదు, అప్పుడే తయారుచేసుకున్నాను.

నోరు తెరిచాను. "గ్రబ్ బామ్మ పొద్దున్న లేచి, మా చిన్నోడేడి అని అడుగుతుంది. పోయాడమ్మా, పోయినేడే, అంటారు. గావుకేక పెట్టి అటుకుల గిన్నెలో మొహం పెట్టి పడిపోతుంది. మర్నాడు మళ్లీ అడుగుతుంది. మళ్లీ చెబుతారు. మళ్లీ గిన్నెలో పడుతుంది. మూడోరోజుకి పిల్లలు ఎంతసేపట్లో పడుతుందని గడియారం పట్టుకుంటారు. నాలుగోరోజుకి బాతు గుమ్మంలో నిలబడి టిక్కెట్లు అమ్ముతూ ఉంటుంది."

నవ్వు ఒక పట్టాన ఆగలేదు. ఒకడు బల్ల కిందికి జారిపోయాడు. లోవెల్ లేచి వచ్చి నా నెత్తి మీద ముద్దుపెట్టాడు. నేను లోపల ఒకటే చెప్పుకున్నాను, ఆమె దీన్ని కోయకుండా ఉండలేదు, ఇది ఈ భవనం గుమ్మం కూడా దాటదు అని. నా నొప్పికి నేను కోయనని ఆమె నాతో అన్న మాట ఆ గంటలో నాకు గుర్తులేదని చెబితే అబద్ధం. గుర్తుంది. దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

మూడు రోజులకు ఊదా గీతలతో స్క్రిప్టు తిరిగొచ్చింది. బిషప్ మూడు పేజీలూ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. ఇరవై రెండో పేజీ, బామ్మ పేజీ, తెల్లగా ఉంది.

"మేక బతికింది, పెళ్లికొడుకు పోయాడు," అన్నాడు లోవెల్. "ఫోన్ చెయ్యి రస్. బిషప్‌ని విడిపించుకురా."

అందరూ వింటుండగా చేశాను. బిషప్ గురించి ఎంత బతిమాలినా కుదరదంది. గొంతు మామూలుగానే ఉంది. పెట్టేసే ముందు ఉండబట్టలేక అడిగాను.

"మరి ఇరవై రెండో పేజీ?"

"ఇరవై రెండులో నాకు అభ్యంతరం లేదు. నీకేమన్నా ఉందా?"

పదకొండుమంది నా మొహం చూస్తున్నారు.

"నాకేముంటుంది," అన్నాను.

"సరే అయితే," అని పెట్టేసింది.

రాసిన జోకును కత్తెర వదిలేశాక మేమే వెనక్కి తీసుకోవడమన్నది మా గదిలో ఎన్నడూ జరగలేదు. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. అయినా తీయాలంటే తీయొచ్చు. బొమ్మల పని నెమ్మది పని. స్క్రిప్టు అయ్యాక గొంతులు రికార్డు చేస్తారు, పెన్సిలు బొమ్మలు వేస్తారు, కొరియా పంపితే అక్కడ రంగులు పడి తిరిగొస్తుంది. మొత్తం తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో ఏ రోజైనా నేను లోవెల్ గదికి వెళ్లి ఒక్క వాక్యం చెబితే చాలు. కానీ ఆ వాక్యం చెప్పాలంటే అది ఎవరింటి సంగతో చెప్పాలి, నాకెలా తెలిసిందో చెప్పాలి, తెలిసీ బల్ల మీద పోశానని చెప్పాలి. పైగా దృశ్యం బాగా వస్తోంది. అందరూ నా వీపు తడుతున్నారు. రేపు చెబుదాం అనుకునేవాణ్ణి.

పెన్సిలు బొమ్మలప్పుడు వెర్నా మళ్లీ చూసింది. గీత పెట్టలేదు. రంగులతో వచ్చాక ఛానెల్ చిన్న థియేటరులో వేశారు. ఆమె ఎప్పటిలాగే ముందు వరసలో చివరి కుర్చీ, నేను నాలుగు వరసల వెనక. బామ్మ గిన్నెలో పడినప్పుడు థియేటరంతా ఊగిపోయింది. వెర్నా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కోపంగా కాదు. బస్టాపులో పక్కవాణ్ణి టైమెంత అని అడిగే ముందు చూస్తాం కదా, అలా. నేను కిందికి వంగి బూటు తాడు కట్టుకున్నాను.

ఎపిసోడ్ నవంబరులో ఒక ఆదివారానికి పడింది. ఆ సాయంత్రం తల్లిని చర్చి హాల్లో బింగో ఆటకు తీసుకెళ్లాలని వెర్నా ముందే అనుకుంది. అక్కడ కాఫీ, కేకు ఇస్తారు, తొమ్మిదిన్నర దాకా లేవరు. ఆ ఒక్క ఆదివారం గడిస్తే చాలనుకుంది. ఆమెకు తోచనిది ఒకటే. ముందు రోజుల్లో ఊరించడానికి వేసే పదిహేను సెకన్ల ముక్కలుంటాయి. వాటిని వేరే అంతస్తువాళ్లు కోస్తారు. ఒకసారి పాసైన సరుకులోంచి తీసిందే గనక మళ్లీ ఆమె బల్ల మీదికి రావు. ఆ పదిహేను సెకన్లకు వాళ్లు ఏ దృశ్యం ఎంచుకున్నారో చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే బాగా నవ్వొచ్చేది.

శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ ఆట మధ్యమధ్యలో దాన్ని వేశారు. ఆదివారం ఉదయం నుంచి గంటగంటకూ వేశారు.

నాకిదేమీ అప్పటికి తెలియదు. ఎపిసోడ్ బ్రహ్మాండంగా ఆడింది, సోమవారం గదిలో కేకు కోశాం. మంగళవారం మధ్యాహ్నం పైకి వెళితే వంటగదిలో వెర్నా ఉంది. ముందు ప్లేటు లేదు. కొట్లో కొన్న శాండ్‌విచ్, కాయితం కూడా సగమే విప్పింది.

"పియెరోగీలు లేవా ఇవాళ?" అన్నాను. అడక్కూడని ప్రశ్నే అడగడం నా వృత్తిలో ఉంది కాబోలు.

ఆమె శాండ్‌విచ్ వైపే చూస్తూ చెప్పింది. "శనివారం అమ్మ ఫుట్‌బాల్ చూస్తోంది. టెడ్డీకి ఇష్టమైన జట్టు ఆడుతోందని పెట్టాను. నేను వంటింట్లో పిండి కలుపుతున్నా. మధ్యలో నవ్వు వినిపించింది, పెద్దగా. వచ్చి చూశా. మీ బామ్మ. 'చూశావే ఆ ముసలిదాన్ని, కొడుకు పోయాడని ఊరందరికీ తెలుసు, దానికి తప్ప' అని సోఫా చెయ్యి గుద్దుతోంది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను మరి. ఇంకో అరగంటకి మళ్లీ వేశారు. ఈసారి సగం నవ్వి ఆగింది. నా చేతులకున్న పిండి వైపు చూసింది. 'టెడ్డీ ఏడే' అంది. షిఫ్టులో ఉన్నాడమ్మా అన్నాను. 'శనివారం వాడికి షిఫ్టు లేదుగా' అంది."

నేను కుర్చీ లాక్కుని కూర్చోబోయాను. కూర్చోలేదు.

"తర్వాత ఏడ్చింది. ఏడ్చి పడుకుని లేచింది, మరిచిపోయింది. ఆదివారం పొద్దున్న టీవీ తనే పెట్టుకుంది, మళ్లీ వచ్చింది అది. మళ్లీ అడిగింది. నేను ఫాదర్ దగ్గరికి తీసుకెళ్దామని బట్టలు వేసుకుంటుంటే మళ్లీ. నాలుగుసార్లు, రస్, నేను వైరు పీకేసేలోగా. మీరు టిక్కెట్లు అమ్మడం ఒక్కటే తక్కువ."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"ఇప్పుడు అడగడం మానేసింది. ఎందుకు మానేసిందో దానికీ తెలీదు. ఏడింటికి అలవాటుగా రెండు ప్లేట్లు తీస్తుంది. తీసి, ఎందుకు తీశానా అని పట్టుకుని నిలబడుతుంది. నేను వెళ్లి తీసుకుని లోపల పెట్టేదాకా అలాగే నిలబడుతుంది. టీవీ పెట్టమంటుంది. పెడితే నవ్వదు. బాతు వచ్చినా నవ్వదు."

నేను చెప్పిన మాట ఇది, ఇంతకంటే మంచిది దొరకలేదు: "మీరు కోసేస్తారనుకున్నాను."

"తెలుసు. అది మేకని నాకు తెలీదా? ఎవరు కట్టారో కూడా తెలుసు, ఆ సంగతి నీకొక్కడికే చెప్పాను గనక." అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "నా నొప్పికి నేను కోయనని నీకు తెలుసు. నీకు తెలుసు గనక నువ్వే తీసేస్తావనుకున్నాను. తొమ్మిది నెలలు అనుకున్నాను. నేను నిన్ను అడిగాను కూడా, నీకేమన్నా అభ్యంతరం ఉందా అని."

శాండ్‌విచ్ అలాగే కాయితంలో చుట్టి చెత్తబుట్టలో వేసింది. చేతులు కడుక్కుని, స్వెట్టరు గుండీలు పెట్టుకుని తన గదికి వెళ్లిపోయింది.

నేను కిందికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. నాలుగింటికి తర్వాతి ఎపిసోడ్ స్క్రిప్టు పైనుంచి తిరిగొచ్చింది. తొమ్మిదో పేజీలో మేం కట్టిన మేక మీద ఊదా గీత, ఈ చివర నుంచి ఆ చివరకు, ఎప్పటిలాగే నీటుగా ఉంది.

"హమ్మయ్య, కత్తెరమ్మ దారికొచ్చింది," అన్నాడు లోవెల్. "మొన్న ఆ ముసలిదాన్ని ఎలా వదిలేసిందో గాని, ఆవిడక్కూడా ఎక్కడో మతిమరుపు పట్టుకుందని భయపడ్డాను."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.